ముందు మీరు తాగండి

పాలు విరగడం వేరు, పులియడం వేరు, కుళ్ళడం వేరు. ఈ మూడింటికీ ఒకే మాట వాడేవారితో నాకు సంభాషణ సాగదు. నేను ఆహార పరిశుభ్రతా శాఖలో పర్యవేక్షణాధికారిగా పదవీ విరమణ చేసినవాడిని. ఉద్యోగకాలమంతా ఇతరుల వంటశాలల్లో మూతలు ఎత్తి చూడడమే నా పని. హోటళ్ళ వెనుకగదుల్లో, ఆసుపత్రుల క్యాంటీన్లలో, బేకరీల పిండి డబ్బాల అడుగున నా కంటబడినవాటిని భోజనవేళకు చదివే పాఠకులను దృష్టిలో ఉంచుకొని ఇక్కడ వర్ణించను. కానీ నా సొంత ఇంట్లో, మా వంటగది గట్టుమీద, ఒక కాఫీ యంత్రం నుంచి బయటపడిన పదార్థాన్ని మాత్రం వర్ణించక తప్పదు. అది లేనిదే ఈ కథ లేదు.

నా భార్య వృత్తి నా వృత్తికి సరిగ్గా ఎదురుదిశలో ఉండేది. ఆమె కాఫీ గింజలు వేయించి అమ్మే ఒక కంపెనీలో రుచి పరీక్షకురాలు. పొడవాటి బల్లమీద కప్పులు వరుసగా పేర్చి, ఒక్కొక్కదానిమీద వంగి వాసన చూసి, చెంచాతో జుర్రి, పక్కనున్న పాత్రలో ఉమ్మివేసి, ఏ బస్తా కొనాలో ఏ బస్తా తిప్పి పంపాలో తేల్చేది. పెళ్ళయిన కొత్తలో ఆ ఉమ్మి సంగతి విని నేను ఒక పూట భోజనం మానుకున్నాను. ఆమె మాత్రం నవ్వి ఊరుకుంది. ఆమె కూడా విశ్రాంతి తీసుకున్న తరువాత సైతం, పంట చేతికి వచ్చినప్పుడల్లా ఆ కంపెనీవారు చిన్న చిన్న సంచుల్లో గింజలు పంపి ఆమె అభిప్రాయం అడుగుతూనే ఉన్నారు.

మా కాపురం ఒక ఒప్పందం మీద నడిచింది. ఇంట్లోని గదులన్నీ నావి, వంటగది ఆమెది. నా ఫినాయిలు, నా బ్లీచింగ్ పౌడరు వంటగది గడప దాటరాదు.

"మీ ఫినాయిలు గాలి సోకిందంటే నా గింజలు చచ్చాయన్నమాటేనండీ" అనేది.

"మరి శుభ్రత ఎట్లా?"

"వాసనే చెబుతుంది, ఏది ఎప్పుడు కడగాలో."

పరీక్షకుల గదుల్లో ఇదే పద్ధతి అట. సువాసన గల సబ్బు ముట్టరు. రోజుకొకసారి అనే నియమమూ పెట్టుకోరు. పాత్రను ముక్కు దగ్గరకు తీసుకుంటారు, తేడా ఉంటే కడుగుతారు. నేను ఏ హోటలులోనైనా ఈ మాట విని ఉంటే అక్కడికక్కడే తాళం వేయించి ఉండేవాడిని. అయితే న్యాయంగా చెప్పాలంటే, ఆమె వంటగదిలో నాకు ఎన్నడూ ఒక్క తప్పు దొరకలేదు. హాలులో కూర్చొని, వంటగదిలోని పాలగిన్నె ఎన్ని గంటల నాటిదో చెప్పగల ముక్కు అది.

ఆమె దగ్గర పని నేర్చుకున్న ఒక అమ్మాయి ఇటీవల సొంతంగా దుకాణం పెట్టుకుంది. ఇళ్ళలో కాఫీ చేసుకునేవారికి కావలసిన యంత్రాలు, గ్రైండర్లు అమ్ముతుంది. నా భార్యను పిన్నిగారని, నన్ను బాబాయిగారని పిలుస్తుంది. ఒకనాడు ఆ శిష్యురాలు రెండు పెద్ద అట్టపెట్టెలతో మా ఇంటికి వచ్చింది.

"పిన్నిగారూ, పది రకాలు పేర్చి కొనేవాళ్ళ తల తిప్పడం నాకు ఇష్టం లేదు. వడపోసి వడపోసి ఈ రెండూ మిగిల్చాను. కొన్నాళ్ళు వాడి చూడండి. మీరు ఏది మంచిదంటే అదే తెప్పిస్తాను. మీ మాటే అచ్చు వేయించి దుకాణంలో పెడతాను."

"నా మాట మీద అంత నమ్మకమేమిటే?"

"నా ముక్కును నేను నమ్మడం మీ ముక్కును చూశాకే కదా మొదలుపెట్టింది!"

నా భార్య మొహం ఒక్క క్షణం వాడిపోయినట్లు నాకు తోచింది. వెంటనే సర్దుకొని, పెట్టెలు ఎక్కడ దించాలో చూపించింది. అప్పట్లో నేను ఆ సంగతి పట్టించుకోలేదు. గట్టుమీద మిగిలిన కాస్త చోటూ పోయిందన్న బాధలో ఉన్నాను.

ఆ రెండు యంత్రాలను గురించి పాఠకులకు కొంత చెప్పాలి. మొదటిది పిడి యంత్రం. మెత్తగా విసిరిన పొడిని పిడి చివరనున్న చిల్లుల గిన్నెలో నింపి, బరువైన బిళ్ళతో అదిమి, యంత్రం తలకు తగిలించి మీట నొక్కాలి. వేడినీరు ఒత్తిడితో ఆ పొడి గుండా దూసుకువచ్చి, తేనెలాంటి డికాషన్ కారుతుంది. పాలు నురగ కట్టేందుకు పక్కన ఆవిరి గొట్టం. రెండవది స్వయంచాలక యంత్రం. పైన గింజలు పోసి, పక్కన జగ్గులో పాలు ఉంచి, తెరమీద కప్పు బొమ్మను తాకితే చాలు. విసరడం, అదమడం, కాచడం, నురగ పట్టించడం అన్నీ అదే చేసుకుంటుంది. జగ్గులోని పాలు పెన్సిలు కంటె సన్నని గొట్టం గుండా దాని కడుపులోకి వెళతాయి. ఆ కడుపులో ఏమి జరుగుతున్నదో చూడడానికి తలుపు లేదు, కిటికీ లేదు. నున్నని నల్లపెట్టె.

నాకు రెండూ రోతగానే ఉండేవి. పిడి యంత్రం వాడినప్పుడల్లా తడిసిన పిప్పి బిళ్ళ ఒకటి డబ్బాలో 'థప్' మని పడేది. ఆవిరి గొట్టం తుడవడం ఒక్క క్షణం ఆలస్యమైతే దానికి పాలు అట్టకట్టి, చిన్నపిల్లవాడి చొల్లులా ఎండిపోయేది. నల్లపెట్టె పైకి చుక్క అంటకుండా ఉండేది. అంతగా మెరిసే వంటశాలలను చూస్తే నాకు మొదటినుంచీ అనుమానమే.

పై అంతస్తులో ఉండే నా బావమరిదికి ఇటువంటి అనుమానాలు ఏవీ లేవు. అతడు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి దిగి వచ్చి నల్లపెట్టె ముందు నిలబడేవాడు.

"బావగారూ, ఇది మనింట్లో ఉందని తెలిస్తే ఊళ్ళో కాఫీ హోటలు వాళ్ళంతా మన గుమ్మం ముందు క్యూ కడతారు."

"నువ్వు కట్టింది చాలు."

"అయ్యో, మీరు తాగరు, తాగేవాడిని చూడలేరు. అక్కా! ఈ పూట దీంట్లో చాక్లెట్ వాసన కొడుతోందే!"

పై పెదవికి అంటిన నురగను నాలుకతో ఒక చివరి నుంచి మరొక చివరికి తుడిచేవాడు. చదువుకున్న మనిషి, ఒక బ్యాంకులో మేనేజరుగా చేసినవాడు. నేను మొహం తిప్పుకునేవాడిని.

ఈ యంత్రాలు రావడానికి ముందే ఇంట్లో ఒక కొత్త అలవాటు మొదలైంది. మా భార్యాభర్తల జీవితంలో కాఫీ విషయమై ముందు తాగేది ఎప్పుడూ ఆమే. అది ఆమె హక్కు. అటువంటిది, ఒక జ్వరం వచ్చి తగ్గిన తరువాత, కప్పు నా చేతికి ఇచ్చి, "ముందు మీరు తాగండి" అనడం మొదలుపెట్టింది. నేను తాగేవరకు ఎదురుగా కూర్చొని కన్నార్పకుండా చూసేది. వయసు మీదపడిన కొద్దీ భర్త విలువ తెలిసివస్తున్నదని నేను భావించాను. ఈ భావన నాకు కలిగించిన సంతృప్తిని దాచను.

ఒకనాటి ఉదయం నేను హాలులో వార్తాపత్రిక చదువుతున్నాను. నగర మంచినీటి సరఫరా మీద సంపాదకీయం. పత్రికను మొహానికి అడ్డంగా పట్టుకొని లీనమై ఉన్నాను. నా భార్య నల్లపెట్టె నుంచి పాల కాఫీ రెండు కప్పులు తెచ్చింది.

"ముందు మీరు తాగండి."

"ఊఁ" అని కప్పు అందుకున్నాను గానీ తాగలేదు. సంపాదకీయం పూర్తిచేసి, పత్రిక వెనుకనే కప్పును పెదవుల దగ్గరకు తెచ్చాను.

కంపు! తుడిచిన తడిగుడ్డను బకెట్టులో మరచి, వారం తిరిగాక మూత తీసినప్పటి కంపు. కప్పు దూరంగా పెట్టి పత్రిక దించాను. ఎదురుగా నా భార్య ప్రశాంతంగా కూర్చొని ఉంది. ఆమె కప్పు అప్పటికే సగం ఖాళీ. నేను చూస్తుండగానే మరొక గుటక వేసి, "ఈ పూట కాస్త చేదు ఎక్కువైనట్టుంది కదండీ" అన్నది.

నేను లేచి వంటగదిలోకి వెళ్ళాను. ఒప్పందాన్ని ఉల్లంఘించి నల్లపెట్టె పక్కనున్న పాలగొట్టాన్ని పట్టి లాగాను. అది ఊడివచ్చింది. ఊడిన చివర నుంచి, పసుపుకూ ఆకుపచ్చకూ మధ్యనున్న రంగులో, వేలెడు పొడవు గల పదార్థం ఒకటి సాగుతూ సాగుతూ దిగి, గట్టుమీద పడి, పడినచోటనే వణికింది. జలుబు ముదిరిన మనిషి ముక్కు చీదినప్పుడు వచ్చేదాన్ని పాఠకులు ఊహించుకోగలిగితే నేను ఇంకొక వాక్యం రాయనక్కరలేదు.

నా భార్య గుమ్మంలో నిలబడి దాన్ని చూసింది. ఆమె మొహం పాలిపోయింది.

"నీకు వాసన రాలేదా?" అన్నాను.

ఆమె చూపు గట్టుమీది నుంచి కదలలేదు.

"నిన్నే అడుగుతున్నాను. నువ్వు సగం కప్పు తాగావు!"

ఆమె నెమ్మదిగా వచ్చి కుళాయి తిప్పి నోరు కడుక్కున్నది. నీళ్ళ చప్పుడులోనే చెప్పింది: "రాలేదు. ఆ జ్వరంతోనే పోయిందండీ. ఏదీ రావడం లేదు. తీపి, పులుపు, చేదు నాలుకకు తెలుస్తున్నాయి, అంతే. డాక్టరుని అడిగితే, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే జాలిపడతారు. మీ కోపం నాకు అలవాటే. మీ జాలి ఎలా ఉంటుందో నాకు తెలియదు."

"మరి ఇన్నాళ్ళూ కాఫీ బాగుందనీ, బాగులేదనీ ఎట్లా చెబుతున్నావు?"

ఆమె కుళాయి కట్టేసింది. చెప్పడానికి సిగ్గుపడుతున్నదనీ, ఆ సిగ్గులోనే కొంత నవ్వు ఉన్నదనీ నాకు కనిపించింది.

"మీ మొహం చూసి."

"నా మొహమా?"

"మీ ఎడమ ముక్కుపుటం ఒక్కటే ఎగిరితే గింజ మాడిందని. రెండూ ఎగిరితే పాతబడిన నూనె వాసన అని. కనుబొమలు ముడిస్తే నీళ్ళలో తేడా. కళ్ళు గట్టిగా మూశారంటే పాలు చెడ్డాయని. ఇన్నేళ్ళుగా మీకు అన్నీ రోతే కదా, అందుకని రోతలో తేడాలు పట్టుకోవడం నేర్చుకున్నాను."

"ఈ పూట?"

"ఈ పూట పేపరు అడ్డం పెట్టుకున్నారు."

నన్ను ముందు తాగమనడం గౌరవం కాదు, పరికరంగా వాడుకోవడం. గనుల్లోకి దిగేవారు ముందుగా పక్షి పంజరాన్ని దింపేవారట, అది ఊపిరాడక పడిపోతే వెనక్కి వచ్చేవారట. నేను ఆ పక్షిని.

"మీ బావమరిదిని చూసి చెబుదామనుకుంటే వాడి వల్ల లాభం లేదు" అన్నది ఆమె. "వేడినీళ్ళు ఇచ్చినా లొట్టలేస్తాడు."

నేను నవ్వలేదు. "ఈ ఆదివారం ఆ అమ్మాయి నీ తీర్పు కోసం వస్తున్నది. ఏమి చెబుతావు?"

"చెబుతాను. మీరు ఎదురుగా కూర్చోండి చాలు."

"అది అబద్ధపు ధ్రువపత్రం అవుతుంది. నేను ఉద్యోగంలో అటువంటి దానిమీద ఎన్నడూ సంతకం చేయలేదు."

"సంతకం చేయమన్నానా? మొహం పెట్టుకుని కూర్చోమన్నాను. అది మీకు పుట్టుకతో వచ్చిన విద్యేగా!"

"పరిహాసం కాదు."

"నాకు మాత్రం పరిహాసంగా ఉందా?" ఆమె గొంతు మారింది. "నాకు తెలిసింది ఆ ఒక్క పనే. ముక్కు పోయిందని తెలిస్తే కంపెనీవాళ్ళు సంచులు పంపరు. ఆ పిల్ల నన్ను పిన్నీ అని పిలుస్తుంది, పండో ఫలమో తెచ్చిస్తుంది. పనికి మాత్రం పిలవదు. నన్ను పనికి పిలవని రోజు నేనెవరో నాకు తెలియదండీ. ఈ ఒక్కసారికి గట్టెక్కించండి."

నేను చాలాసేపు ఆలోచించి నా నిర్ణయం తెలియజేశాను: ఎవరికీ చెప్పను, అట్లాగని సహాయమూ చేయను. ఆదివారం నా కుర్చీలో కూర్చుంటాను, కానీ న్యాయస్థానంలో గుమాస్తా మొహం ఎట్లా ఉంటుందో నా మొహం అట్లా ఉంటుంది. దాని నుంచి ఆమె ఏమీ చదవజాలదు.

"అలాగే" అన్నది. వేడినీళ్ళు, సన్నని కుంచె తెచ్చి ఇచ్చింది. ఆ రోజు పాలగొట్టాన్ని, జగ్గును నేనే కడిగాను. ఫినాయిలు వాడలేదు. లోపలి కడుపు సంగతి ఇద్దరికీ తోచలేదు. తోచినా తెరిచే దారి కనబడేది కాదు. ఆనాటి నుంచి ఆ యంత్రాన్ని నా బావమరిది తప్ప ఎవరూ ముట్టలేదు.

ఆదివారం శిష్యురాలు తాజాగా వేయించిన గింజల సంచితో వచ్చింది. బావమరిది ఎవరూ పిలవకుండానే ముందు కుర్చీలో కూర్చున్నాడు. నేను నా స్థానంలో, చెప్పిన మొహంతో కూర్చున్నాను.

"ఏమిటి బావగారూ, ఫోటో తీయించుకుంటున్నారా?" అన్నాడు అతడు.

"మాట్లాడకుండా కూర్చో."

"ఊపిరి పీల్చుకోవచ్చా?"

"కాఫీ నేనే తీస్తాను పిన్నిగారూ, మీరు కూర్చోండి" అంటూ శిష్యురాలు కొంగు దోపుకుంది. పిడి యంత్రంలో మొదట ఒక కప్పు తీసి నా భార్యకు అందించింది.

"ముందు మీ బాబాయికి ఇవ్వమ్మా."

"లేదు పిన్నిగారూ. తీర్పు మీది. మీరే ముందు."

నా భార్య నావైపు చూసింది. నేను గోడగడియారం వైపు చూశాను. ఆమె కప్పుమీద వంగి, ఎప్పటిలాగే కళ్ళు అరమూసి, శ్వాస పీల్చి, జుర్రింది. అలవాటైన శరీరం అలవాటైన పనులన్నీ చేసింది. "పులుపు మితంగా ఉంది. చిక్కదనం బాగుంది. చివర చేదు నాలుకను పట్టుకోవడం లేదు" అన్నది. అన్నీ నాలుకకు తెలిసే సంగతులే. శిష్యురాలు తల ఊపింది.

తరువాత ఆ అమ్మాయి నల్లపెట్టె దగ్గరకు వెళ్ళింది. బొమ్మమీద వేలు ఉంచింది. యంత్రం గుర్రుమన్నది, మూలిగింది, కప్పులోకి కక్కింది. శిష్యురాలు కప్పు ఎత్తి, మా వైపు వీపు పెట్టి, ఒక క్షణం ఆగింది. తరువాత వచ్చి దాన్ని నా భార్య చేతిలో పెట్టింది.

అప్పుడు ఆ వాసన నా కుర్చీ వరకు వచ్చింది. ఈసారి పాలది కాదు. తడిసిన గోడ వెనుక, అట్టలు మురిగిన గోదాములో ఉండే బూజు. దానిమీద వెచ్చని ఆవిరి. పళ్ళు బిగించి మొహాన్ని కదలనీయకుండా పట్టుకున్నాను. నా భార్య నా కళ్ళలోకి చూసింది. అక్కడ ఆమెకు ఏమీ దొరకలేదు. ఏమీ దొరకకుండా నేనే జాగ్రత్త పడ్డాను. ఆమె కప్పు ఎత్తింది. పెదవులు తెరిచింది.

నియమానికి నేను కట్టుబడి ఉండవలసింది. ఉండలేకపోయాను. ఆ మురుగు ఆమె నోటిలోకి వెళ్ళడం చూస్తూ కూర్చోవడానికి కావలసిన నిజాయితీ నాలో లేకపోయింది.

"ఆగు!" అని లేచి కప్పు లాక్కున్నాను. వేడి కాఫీ నా చొక్కామీద ఒలికింది. గబగబా నడిచి దాన్ని తొట్టిలో పారబోశాను.

"ఏమైంది బావగారూ? చక్కటి కాఫీ!" అని బావమరిది లేచాడు.

"నోరు మూసుకో. అది కాఫీ కాదు, మురుగు."

శిష్యురాలు నేల చూపులు చూస్తూ నిలబడింది. మెల్లగా అన్నది: "నాకూ వచ్చింది బాబాయిగారూ ఆ కంపు."

"ఎప్పుడు?"

"కప్పు తీయగానే."

"తెలిసి ఇచ్చావా? తల్లివంటి మనిషి నోటికి, తెలిసి అందించావా?"

"తెలిసే ఇచ్చాను."

చచ్చిన ఎలుకలు తేలిన నూనె పీపాలను నేను చూశాను. పురుగు పట్టిన మాంసానికి రంగు పూసి అమ్మేవారిని చూశాను. వారిలో ఎవరి మొహం చూసినప్పుడూ ఆ క్షణంలో కలిగినంత ఏవగింపు నాకు కలగలేదు. బయటికి వెళ్ళమని చెప్పడానికి నోరు తెరిచాను.

"ఏమండీ, కూర్చోండి" అన్నది నా భార్య.

"కూర్చోను. ఈ మనిషి..."

"కూర్చోండి. అమ్మాయ్, ఎప్పటి నుంచి అనుమానం?"

శిష్యురాలి కళ్ళు నిండాయి. "కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు పిన్నిగారూ. మీరు బాగుందన్న బస్తాల్లో ఒకదానికి బూజు వాసన ఉందట. ఇంకెవరైనా పొరబడతారేమో గానీ ఆవిడ పొరబడరు, సంచులు మారి ఉంటాయని వాళ్ళతో పోట్లాడాను. పోట్లాడి వచ్చాను గానీ, మనసు ఊరుకోలేదు. ఇందాక ఆ కంపు రాగానే పారేద్దామనే అనుకున్నా. తర్వాత... మీరు నేర్పిందే గుర్తొచ్చింది."

నా భార్య తల ఊపి, నాకు అర్థమయ్యేలా వివరించింది. "వరుసలో చెడ్డ కప్పు ఒకటి చెప్పకుండా పెడతామండీ. పరీక్షించేవాళ్ళను పరీక్షించాలంటే అదొక్కటే దారి. దీనికి అలాంటి కప్పులు నేను ఎన్ని ఇచ్చానో! ఒకసారి ఏడ్చి ఇంటికి పోయింది కూడా." తరువాత శిష్యురాలి వైపు తిరిగి, ధర చెబుతున్నట్లు మామూలు గొంతుతో అన్నది: "నాకు వాసన పోయింది. జ్వరంలో పోయింది. రేపు కంపెనీవాళ్ళకు నేనే చెబుతాను. నువ్వు పోట్లాడినందుకు వాళ్ళకు క్షమాపణ కూడా చెబుతాను."

బావమరిది నెమ్మదిగా, "బూజు అన్నారు కదా... ఎక్కడుంది అది?" అన్నాడు.

"నువ్వు చాక్లెట్ అన్నావే, అదే" అన్నాను.

నా భార్య లేచింది. "స్క్రూడ్రైవరు తేరా తమ్ముడూ. దీన్ని తెరుద్దాం."

"తెరవకూడదు పిన్నిగారూ, యంత్రం చేసిన కంపెనీ వాళ్ళే..."

"తెరువు."

వెనుక పలకకున్న మరలన్నీ తీసేసరికి చాలాసేపు పట్టింది. పలక ఊడి రాగానే వెచ్చని దుర్గంధం గదిని నింపింది. కాఫీ పొడిని అదిమే భాగం చుట్టూ, వెలుతురు చేరని మూలల్లో, తడి పిప్పి పేరుకొని ఉంది. దానిమీద బూడిద రంగు నూగు, పిల్లి ఒంటిమీది వెంట్రుకలంత పొడవున, గాలికి మెల్లగా కదులుతున్నది. దాని కింద ఏదో పాకింది. వెచ్చదనానికి చేరిన బొద్దింక పిల్లలు. ఒకటి, మరొకటి, ఆపైన లెక్కపెట్టే ఓపిక నాకు లేకపోయింది. నురగ పట్టించే గదిలో పాలు గారలా గట్టిపడి, పగుళ్ళు బారి ఉన్నాయి.

బావమరిది గుడ్లు తేలేశాడు. అరచేతిని నోటికి అడ్డం పెట్టుకొని స్నానాలగది వైపు పరుగెత్తాడు. అక్కడి నుంచి వచ్చిన శబ్దాలను వర్ణించడం అనవసరం.

"ఇప్పుడు దాన్ని తెరువు" అని నా భార్య పిడి యంత్రాన్ని చూపింది. శిష్యురాలు పిడి ఊడదీసింది. తలలోని జల్లెడ ఒక్క మరతో చేతిలోకి వచ్చింది. రబ్బరు పట్టీ గోటితో లాగితే వచ్చింది. ఆవిరి గొట్టం కొన కూడా తిప్పితే ఊడింది. అన్నీ ఒక పళ్ళెంలో పరిచింది. జల్లెడకు గోధుమరంగు జిడ్డు అంటి ఉన్నది. నిజమే, అదీ రోతే. కానీ కంటికి కనబడే రోత. కుంచెతో రుద్దితే పోయే రోత.

నా భార్య ఆ పళ్ళెంలోని భాగాలను ఒక్కొక్కటిగా వేళ్ళతో తడిమి చూసింది.

"నా తీర్పు కావాలన్నావు. ఏది ఎక్కువ పరిమళమో ఇక నేను చెప్పలేను, నువ్వే చెప్పాలి. అయితే నా ముక్కు బాగున్నంతకాలం నాకు తెలియని సంగతి ఒకటి ఇప్పుడు తెలిసింది. ఇళ్ళలో చాలామందికి నాకున్న ముక్కు ఉండదు. వాసనే చెబుతుందిలే అని కూర్చుంటే వాళ్ళు దీన్నే తాగుతారు. నేను తాగలేదూ! లోపల కళ్ళతో చూసుకోలేని యంత్రాన్ని ఏ ఇంటికీ అమ్మకు. పిడి యంత్రం తెప్పించు. అమ్మేటప్పుడు కాఫీ తీయడం కంటే ముందు దీన్ని ఊడదీయడం నేర్పు."

శిష్యురాలు కళ్ళు తుడుచుకొని అడిగింది: "ఈ మాట అచ్చు వేయించనా పిన్నిగారూ? మీ పేరుతో?"

"వేయించు. ముక్కు పోయినావిడ చెప్పిందని కూడా వేయించు. లేకపోతే మీ బాబాయి సంతకం పెట్టనివ్వరు."

నేను ఒక్క మాట మాత్రమే అన్నాను: "ఆ వాక్యం ఉంటే నాకు అభ్యంతరం లేదు."

శిష్యురాలు నల్లపెట్టెను రెండు సంచుల్లో చుట్టి తీసుకువెళ్ళింది. వెళుతూ నా భార్య పాదాల దగ్గర వంగబోతే ఆమె వారించి, భుజం తట్టి పంపింది. తలుపు వేసి వచ్చి చాలాసేపు గట్టు తుడుస్తూ నిలబడింది. తుడిచిన చోటనే తుడుస్తున్నది. ఆ వీపును చూస్తూ నేను నా చొక్కామీది మరకను నీళ్ళతో రుద్దుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం ఆమె పిడి యంత్రాన్ని తిరిగి అమర్చి కాఫీ తీసింది. ఆవిరి గొట్టాన్ని వెంటనే తుడిచింది. ఒక కప్పు నాకు ఇచ్చి, ఎదురుగా కూర్చొని, ఈసారి నా మొహం వైపు చూడలేదు. కళ్ళు మూసుకుంది.

"చెప్పండి."

"ఏమి చెప్పాలి?"

"వాసన. మొహం పెట్టి తప్పించుకుంటే కుదరదు. మాటల్లో చెప్పండి."

వంగి వాసన చూశాను. "బూజు లేదు. మాడు లేదు. పాత నూనె లేదు. పాలు సక్రమంగా ఉన్నాయి."

"లేనివి ఎందుకండీ? ఉన్నవి చెప్పండి."

నేను మళ్ళీ వంగాను. కంపులో ఎన్ని రకాలున్నవో అన్నింటికీ నా దగ్గర మాటలున్నాయి; శాఖ నివేదికల్లో వాటిని తప్పులేకుండా వాడినవాడిని. మంచి వాసనకు నేను ఎన్నడూ నివేదిక రాయలేదు.

"వేడిగా ఉంది" అన్నాను.

"వేడి వాసన కాదు."

"తెలుసు. తొందరపెట్టకు."

ఆమె కళ్ళు తెరవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకొని, పరీక్షగదిలో కూర్చున్నట్లే నిటారుగా కూర్చున్నది. "కట్టెలా ఉందా? పండులా ఉందా? మట్టిలా ఉందా? ఎక్కడో ఒకచోట మొదలుపెట్టండి."

కప్పు చల్లారుతున్నది. చల్లారిన కాఫీ అంటే నాకు పరమ అసహ్యం. అయినా తాగకుండా, సన్నబడుతున్న ఆవిరిమీద ముక్కు ఉంచి, మొదటి మాట కోసం వెతుకుతూ కూర్చున్నాను.